సంఘసేవ: పుణ్యమా, వృత్తియా?

కొన్ని మాటలు మరీ గొప్పవి కావడం వలననే చిక్కులు తెచ్చిపెడతాయి. 'సంఘసేవ' అటువంటి మాట. తెలుగులో ఆ మాట వినగానే తెల్లని వస్త్రాలు, చేతిలో అన్నపు గిన్నె, ముఖాన చిరునవ్వు గల ఒక త్యాగమూర్తి కండ్ల ముందు నిలుస్తారు. ఉర్దూలో 'ఖిద్మతె ఖల్క్' అన్నా అదే భావం. లోకానికి చేసే ఊడిగం, దైవానికి ప్రీతికరమైన పని అని అర్థం. ఈ రెండు భాషల మధ్య పెరిగిన నాకు రెండు మాటలూ ప్రియమైనవే. అయితే ఆ మాటల వెలుగులో ఒక వృత్తి కనబడకుండా పోయిందని ఇరవై ఏండ్ల అనుభవంతో ఇప్పుడు చెప్పగలను.

ఈ కళాశాలలో బి.ఏ. ముగించిన తరువాత నేను సోషల్ వర్క్‌లో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నాను. మొదటి జీతం అందుకొని ఇంటికి మిఠాయి తెచ్చిన రోజున మా పెదనాన్నగారు సంతోషించి, మిఠాయి తిని, ఆ తరువాత మెల్లగా ఇట్లా అడిగారు: "అమ్మా, సేవ చేసి జీతం పుచ్చుకోవడం సబబేనా?" ఆయన ప్రశ్నలో ఎగతాళి లేదు. ఆయన నిజంగానే తెలుసుకోగోరారు. వైద్యుడు జీతం తీసుకుంటాడు, ఉపాధ్యాయుడు తీసుకుంటాడు, మసీదులో ఇమాముకూ గుడిలో పూజారికీ కూడా ఎంతోకొంత ముడుతుంది. వారినెవ్వరినీ అడగని ప్రశ్న సోషల్ వర్కర్‌ను మాత్రం ఎందుకు అడుగుతారు? ఈ వృత్తి ఎదుర్కొంటున్న సమస్యలలో సగం ఆ ప్రశ్నలోనే ఇమిడి ఉన్నాయని నా అభిప్రాయం.

దానధర్మాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మన నేలలో ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం నేర్పనక్కరలేని విద్య. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు (1841-1909) దారిన పోయే వారందరికీ వేళాపాళా లేకుండా వండి వడ్డించారు. ముస్లిం కుటుంబాలలో తమ నిల్వధనం నుండి నూటికి రెండున్నర వంతు జకాతుగా తీసి పేదలకివ్వడం విధి. సత్రాలు, చలివేంద్రాలు, ముసాఫిర్‌ఖానాలు మన ఊళ్లకు కొత్తవి కావు. ఇవి లేకపోతే ఎన్నో ప్రాణాలు నిలిచేవి కావు.

అయితే దానం ఒక చోట ఆగుతుంది. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టి, తృప్తిపడి, ఇంటికి వెళుతుంది. ఈ మనిషి రేపు కూడా ఎందుకు ఆకలితో ఉంటాడు, అతనికి రావలసిన రేషను కార్డు ఎవరి బల్ల మీద ఆగిపోయింది, అతని కొడుకు బడి మానివేసి ఏ కార్ఖానాలో చేరాడు అనే ప్రశ్నలు వేసుకొని, జవాబుల వెంట కాలినడకన పోయేది వృత్తి. దాత గుర్తు కలకాలం నిలవాలని దానం కోరుకోవడంలో తప్పు లేదు. తన అవసరం ఆ ఇంటికి ఎంత తొందరగా తీరిపోతే అంత మంచిదని వృత్తి కోరుకోవాలి.

ఈ తేడాను గురించిన చర్చ మనతో మొదలైనది కాదు. 1915లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జరిగిన ఒక సభలో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే విద్యావేత్త "సోషల్ వర్క్ ఒక వృత్తి అవుతుందా?" అని ప్రశ్నించి, ఇంకా కాలేదని తీర్పు చెప్పాడు. అంతకు 5 సంవత్సరాల ముందు ఆ దేశపు వైద్య కళాశాలల లోపాలను ఎత్తిచూపి పేరుపొందిన వ్యక్తి కావడం వలన ఆయన మాట గట్టిగా తగిలింది. 1917లో మేరీ రిచ్‌మండ్ అనే విదుషి ఒక పెద్ద గ్రంథం వ్రాసి, ఒక కుటుంబపు కష్టాన్ని విచారించడానికి ఎటువంటి ఆధారాలు సేకరించాలి, వాటిని ఎట్లా తూచాలి అనే విషయాలను ఒక శాస్త్రంగా కూర్చింది. జాలి ఒక్కటే చాలదు, విచారణ కూడా కావాలని ఆ గ్రంథం నిరూపించింది.

మన దేశంలో ఈ విద్య బొంబాయి మురికివాడలలో పుట్టింది. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ 1926లో నాగపాడా ప్రాంతంలో ఒక సేవాకేంద్రం నెలకొల్పాడు. అక్కడి అనుభవం నుండి 1936లో సర్ దొరాబ్జీ టాటా పేరిట సోషల్ వర్క్ పాఠశాల వెలసింది. 1944లో అదే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. మన తెలుగువారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ ధనం ఒక క్రమపద్ధతిలో అందడానికి అప్పుడు దారి ఏర్పడింది. ఇట్లా చూస్తే ఈ వృత్తికి మన దేశంలో తొంభై ఏండ్ల చరిత్ర ఉన్నది. తొంభై ఏండ్లు నిండిన తరువాత కూడా "మీరు ఏమి చేస్తారండీ?" అని అడిగినవారికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పలేకపోతున్నాము.

కనుక జరిగిన ఒక సంగతిని చెప్పి ఆ జవాబు వెదుకుతాను. 2019 ప్రాంతంలో నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక పథకం కింద, ఏటేటా పొడిగించే ఒప్పందం మీద పనిచేస్తూ ఉన్నాను. పాతబస్తీ నుండి వచ్చిన ఇరవై రెండేండ్ల యువతి ఒకామె చీటీ నా బల్ల మీదికి వచ్చింది. ఆమెకు క్షయ. ఇంటిలో కార్‌చోబ్ ముందు కూర్చొని జర్దోజీ పని చేసేది. వైద్యులు ఆరు నెలల చికిత్స మొదలుపెట్టారు. మాత్రలు ఉచితం. అయినా మూడవ వారానికే ఆమె మందులు మానివేసింది. చీటీ మీద "మందులు సరిగా వాడదు" అని ఎర్ర సిరాతో వ్రాసి ఉన్నది. అంతకంటె ఎక్కువ తెలుసుకోవడానికి వైద్యునికి తీరిక లేదు. బయట వరుసలో వందమంది వేచి ఉన్నారు.

నేను రెండుసార్లు వారి ఇంటికి వెళ్లాను. మొదటిసారి అత్తగారి ఎదుట ఆమె నోరు విప్పలేదు. రెండవసారి చీర అంచుకు కుట్టే పని చూపిస్తూ, పక్కన ఎవరూ లేనప్పుడు, చాలా మెల్లగా చెప్పింది: "బాజీ, ఆ మాత్రలు వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తున్నది. ఈ వాడలో నాలుగు ఇండ్లకూ ఒకటే స్నానాలగది. ఎవరైనా చూస్తే రోగమని తెలిసిపోతుంది. మా ఆడబిడ్డకు సంబంధాలు చూస్తున్నారు." రిఫాంపిసిన్ అనే మందు వలన మూత్రం నారింజ ఎరుపు రంగుకు మారుతుంది. అది హానికరం కాదు. మందు ఒంట్లోకి చేరుతున్నదనడానికి గుర్తు మాత్రమే. వైద్యునికది అంత చిన్న విషయం. అందుకే ఆయన చెప్పలేదు. ఆమెకది ఒక కుటుంబపు పరువు. అందుకే ఆమె అడగలేదు. ఈ ఇద్దరి మధ్య ఉన్న ఆ నాలుగు అడుగుల ఖాళీలోనే మా వృత్తి నిలబడి ఉన్నది.

ఆ తరువాత చేసిన పనిలో త్యాగమేమీ లేదు, శిక్షణ ఉన్నది. కోడలి రోగాన్ని గురించి అత్తగారితో నేనుగా మాట్లాడడానికి వీలులేదు. రోగి అనుమతి కావాలి. దానికి నాలుగు రోజులు పట్టింది. అత్తగారిని ఆసుపత్రికి పిలిపించి, ఒక లేడీ డాక్టరు చేత రంగు సంగతి, మందులు సరిగా వాడితే కొద్ది వారాలలోనే అంటువ్యాధి భయం తగ్గిపోతుందనే సంగతి చెప్పించాను. ఇంటివారందరికీ పరీక్షలు చేయించాము. క్షయరోగుల పోషకాహారం కొరకు 2018 ఏప్రిల్ నుండి కేంద్ర ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చింది. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసింది. ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఆమె పేరిట ఖాతా లేదు. ఆధార్ కార్డులో పుట్టింటి చిరునామా, పేరులో ఒక అక్షరం తేడా. ఆ అక్షరం దిద్దించడానికి మూడు కార్యాలయాలు తిరిగాము. చివరకు ఖాతా తెరిచాము. అత్తగారు తానే రోజూ ఉదయం గ్లాసెడు పాలతో మాత్ర అందించడం మొదలుపెట్టింది. చీటీ మీద ఎర్ర సిరా వ్రాతను నేను కొట్టివేయలేదు, దాని కింద కారణం వ్రాశాను.

మూడవ నెల ముగిసే సరికి నా ఒప్పందం గడువు తీరింది. పొడిగింపు ఉత్తరువు రాలేదు. పథకానికి నిధులు రావలసి ఉన్నదని పై అధికారులు చెప్పారు. వారిలో ఎవరూ చెడ్డవారు కారు. ఎవరికీ ఆ ఉత్తరువు ఇచ్చే అధికారం లేదు, అంతే. నా ఫైళ్లు అప్పగించడానికి మనిషి కూడా లేకపోతే బీరువాలో పెట్టి తాళం కార్యాలయంలో ఇచ్చి వచ్చాను. ఐదు నెలల తరువాత గాని ఆ స్థానంలో మరొకరు చేరలేదు. ఈలోగా ఆ యువతి కాన్పు అయిన అక్కకు తోడుగా పుట్టింటికి మరొక జిల్లాకు వెళ్లింది. అక్కడ మందులు అందే ఏర్పాటు చేసేవారు లేక చికిత్స మధ్యలో తెగిపోయింది. నా కొరకు ఆమె తమ్ముడు రెండుసార్లు వార్డుకు వచ్చి వెళ్లాడని ఆ తరువాత ఒక నర్సు చెప్పగా విన్నాను. ఆమె బ్రతికింది. కాని ఆరు నెలలలో ముగియవలసిన చికిత్స ఏడాదిన్నర సాగింది. ఆ ఏడాదిన్నర కార్‌చోబ్ ముందు ఆమె చోటు ఖాళీగానే ఉన్నది.

నా ఉద్యోగం పోయిందన్న బాధతో ఈ సంగతి వ్రాయడం లేదు. నాకు మరొక చోట పని దొరికింది. మందుల నిల్వ ఐదు నెలలు లేకపోతే పత్రికలు వ్రాస్తాయి, శాసనసభలో ప్రశ్నలు లేస్తాయి. సోషల్ వర్కర్ ఐదు నెలలు లేకపోతే ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆ పని 'సేవ' కదా! సేవ జరిగితే మంచిది, జరగకపోతే నష్టం లేదని లోకం భావన. నష్టం ఎవరికి జరుగుతుందో వారికి గొంతు లేదు. ఈ వృత్తి బలహీనత మా జీతాలకు సంబంధించినది మాత్రమే కాదని, మా దగ్గరకు వచ్చేవారి ప్రాణాలకు సంబంధించినదని చెప్పడానికే ఇంత వ్రాశాను.

మా బ్రతుకులో ఒక వింత ఉన్నది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను కుడితిలో పడ్డట్లు, కార్మికులకు భవిష్యనిధి గురించి, ప్రసూతి సెలవు గురించి బోధించే మాలో చాలామందికి ఆ రెండూ లేవు. గర్భవతియైన నా సహోద్యోగిని ఒకామె గృహహింస బాధితులకు వారి హక్కులు వివరిస్తూనే, తన ఒప్పంద పత్రంలో ప్రసూతి సెలవు మాటే లేదని తెలిసి ఉద్యోగం వదలుకున్నది. ఏడేండ్ల అనుభవం ఆమెతో పాటే వెళ్లిపోయింది. ఆ చోటికి వచ్చిన అమ్మాయి అంతా మొదటి నుండి నేర్చుకోవలసి వచ్చింది.

ఇక గుర్తింపు మాట. న్యాయవాదికి 1961 నాటి చట్టం ఉన్నది, నర్సులకు కూడా ఒక చట్టం ఉన్నది. వారి పేరు ఒక పట్టికలో నమోదు కావాలి. తప్పు చేస్తే ఆ పేరు తొలగించే అధికారం ఒక మండలికి ఉంటుంది. సోషల్ వర్కర్లందరికీ వర్తించే అటువంటి చట్టం మన దేశంలో లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆసుపత్రులలో, మానసిక వైద్యశాలలలో పనిచేసే సోషల్ వర్కర్లను తన పట్టికలో చేర్చింది. అది మంచి ఆరంభమే. కాని బాలల రక్షణలో, గ్రామాలలో, కారాగారాలలో, బస్తీలలో పనిచేసేవారు ఇంకా దాని వెలుపలనే ఉన్నారు. ఇక 2015 నాటి బాలల న్యాయ చట్టాన్ని చూడండి. ప్రతి జువెనైల్ జస్టిస్ బోర్డులో ఒక మెజిస్ట్రేటుతో పాటు ఇద్దరు 'సోషల్ వర్కర్లు' సభ్యులుగా ఉండాలని ఆ చట్టం చెబుతుంది. వారి అర్హతలలో బాలల సంక్షేమ రంగంలో ఏడేండ్ల అనుభవం ఒకటి, లేదా బాలల మనస్తత్వశాస్త్రం, మానసిక వైద్యం, సాంఘికశాస్త్రం, న్యాయశాస్త్రం అనే విద్యలలో ఒకదానిలో పట్టా కలిగి ఆ వృత్తి చేస్తూ ఉండడం మరొకటి. సోషల్ వర్క్ పట్టా ఆ జాబితాలో లేదు! పేరు మాది, అర్హత ఇతరులది. మమ్మల్ని మరచిపోయినవారు మాకు శత్రువులు కారు. మేమే మా విద్యను గురించి దేశానికి సరిగా చెప్పుకోలేదేమో అనిపిస్తుంది.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. దానిని దాటవేయడం న్యాయం కాదు. మన ప్రాంతంలో సమాజాన్ని నిజంగా కదిలించినవారిలో చాలామందికి సోషల్ వర్క్ పట్టా లేదు. రంగారెడ్డి జిల్లాలో పనిపిల్లలను బడికి మళ్లించి 2003లో మెగసెసె పురస్కారం పొందిన శాంతా సిన్హాగారు రాజనీతిశాస్త్రం బోధించిన ఆచార్యులు. మానవ మలాన్ని మనుషుల చేత ఎత్తించే దురాచారంపై పోరాడి 2016లో అదే పురస్కారం పొందిన బెజవాడ విల్సన్ గారు ఆ పని చేసే కుటుంబంలో పుట్టినవారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు వ్యతిరేకంగా లేచిన స్త్రీలు అప్పుడప్పుడే రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్నవారు. పట్టా లేదని వీరిని ఆపగల మండలి ఏర్పడితే అది వృత్తికి రక్ష కాదు, సమాజానికి శిక్ష.

నేనీ ఆక్షేపణను అంగీకరిస్తాను. అయినా దానివలన నా వాదం కూలిపోదు. ఊరిని కదిలించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కాని ఒక బాలికపై జరిగిన అత్యాచారపు వివరాలను విని, వ్రాసి, దాచవలసిన వ్యక్తికి గోప్యత పాటించే బాధ్యత ఉండాలి. తల్లిదండ్రులు లేని బిడ్డను ఏ ఇంటికి పంపాలో నివేదిక ఇచ్చే వ్యక్తి దేనికీ జవాబుదారీ కాకుండా ఉండరాదు. ఈనాడు పుట్టినరోజున ఆసుపత్రిలో నాలుగు అరటిపండ్లు పంచి, రోగుల ముఖాలతో సహా ఛాయాచిత్రం తీయించుకున్నవారు కూడా మరుసటి దినం పత్రికలో 'ప్రముఖ సంఘసేవకులు' అవుతున్నారు. పండు ఇచ్చినందుకు వారికి కృతజ్ఞతలు. కాని ఆ ఛాయాచిత్రంలోని స్త్రీ తన రోగం సంగతి ఊరిలో చెప్పలేదేమో! ఆమె పక్షాన "ఫోటో వద్దు" అని చెప్పడానికి అక్కడ ఒక వృత్తి నియమం, దానిని పాటించే ఒక మనిషి ఉండాలి.

ధనం సమస్య వేరొకటి. 2013 నాటి కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు తమ లాభంలో నూటికి రెండు వంతులు సమాజం కొరకు ఖర్చు పెట్టాలని నిర్దేశించింది. దానివలన మేలు జరిగింది. అయితే దాతలు సహజంగా కంటికి కనబడేదాన్ని కోరుకుంటారు. మంచినీటి యంత్రం, బడి గది, కుట్టుమిషను, వీటి మీద పేరు వ్రాయవచ్చు. ఒక భర్త తాగుడు మానడానికి పట్టిన పదునాలుగు సంభాషణల మీద ఏ పేరూ వ్రాయలేము. విదేశీ విరాళాల చట్టానికి 2020లో జరిగిన సవరణ ప్రకారం ఒక సంస్థ తనకు వచ్చిన ధనాన్ని మరొక సంస్థకు ఇవ్వరాదు. పరిపాలన ఖర్చుల పరిమితి నూటికి 50 నుండి 20కి తగ్గింది. ధనం దుర్వినియోగం కాకుండా చూడవలసిందే, అందులో సందేహం లేదు. కాని పెద్ద సంస్థల చేయి పట్టుకొని నడిచే చిన్న పల్లెటూరి సంస్థలకు ఆ చేయి జారిపోయింది.

ప్రభుత్వం తరఫున గుమ్మం గుమ్మం తిరిగే పని ఎక్కువగా స్త్రీలదే. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో అంగన్‌వాడీ టీచర్లకు, 2005లో వచ్చిన గ్రామీణ ఆరోగ్య కార్యక్రమంలో ఆశా కార్యకర్తలకు ఇచ్చే సొమ్ముకు జీతమని పేరు లేదు. గౌరవ వేతనమని, ప్రోత్సాహకమని పేర్లు. మా పెదనాన్నగారి ప్రశ్నయే ఇక్కడ ప్రభుత్వ ఉత్తరువు రూపం దాల్చింది. 2007లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు రోగులకు దారిచూపడానికి ఆరోగ్యమిత్రలను నియమించారు. పేదవాడు పెద్ద ఆసుపత్రిలో ఒంటరివాడని ప్రభుత్వం గుర్తించడం గొప్ప విషయం. ఆ గుర్తింపుకు తగిన శిక్షణ, స్థిరత్వం కూడా తోడయితే ఎంత బాగుండును!

లోపాలన్నీ బయటనే లేవు, మా విద్యలో కూడా ఉన్నాయి. మేము చదివిన పుస్తకాలలో ఉదాహరణలు చాలావరకు చికాగో, లండన్ నగరాలవి. క్షేత్రానికి వెళితే ఒక అవ్వ "దిల్ ఘబ్రారా" అంటుంది. మరొకామె "గుండెలో ఏదో బరువు, ఒంట్లో సత్తువ లేదు" అంటుంది. దానిని ఆంగ్లంలోకి మార్చి కుంగుబాటు అని ఒక పేరు పెట్టి వ్రాసుకుంటాము. ఆ మార్పులో కోడలితో తగాదా, గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోను చేయకపోవడం, మోకాలి నొప్పి, అన్నీ జారిపోతాయి. తెలుగులోను, దక్కనీ ఉర్దూలోను దుఃఖానికి ఎన్ని పేర్లు ఉన్నాయో ముందు మన పాఠాలలో చేరాలి. ఈ కళాశాల విద్యార్థులకు ఇక్కడ ఒక మేలు ఉన్నది. ఒకే బల్ల మీద రెండు లిపులు చూసి పెరిగిన మీకు ఆ అవ్వ మాట సగంలో ఉండగానే అర్థమవుతుంది. ఆ తెలివికి మార్కులు వేసే పరీక్ష ఇంకా పెట్టలేదు. అయినా దానిని తక్కువగా ఎంచవద్దు.

మరొక కష్టం చట్టానికీ మనసుకూ నడుమ నిలబడవలసి రావడం. ఒకసారి పదవ తరగతి చదువుతున్న బాలిక పెండ్లిని ఆపడానికి అధికారులతో కలిసి ఒక గ్రామానికి వెళ్లాము. 2006 నాటి చట్టం మా పక్షాన ఉన్నది. పందిరి ఆగింది. అధికారుల జీపు వెళ్లిపోయిన తరువాత ఆ తండ్రి నన్ను తిట్టలేదు. "అమ్మా, అప్పు చేసి సామాను తెచ్చాను. రేపు ఈ పిల్ల బడికి పోతే దారిలో నలుగురూ నవ్వుతారు. నీవు రేపు వస్తావా?" అని మాత్రం అడిగాడు. పెండ్లి ఆపడానికి ఒక పూట చాలింది. ఆ బాలికను పరీక్ష వ్రాయించడానికి, వడ్డీ వ్యాపారితో మాట్లాడి గడువు సంపాదించడానికి, హాస్టలులో సీటు కొరకు ఐదు నెలలు పట్టింది. వార్తాపత్రికలో మొదటి పూట సంగతి వచ్చింది. ఆ ఐదు నెలలలో ఎన్నో రాత్రులు నాకు నిద్ర రాలేదు. ఇతరుల దుఃఖం వింటూ ఉండేవారి మనసును వినేవారు కూడా ఒకరు ఉండాలి. అనుభవజ్ఞుల పర్యవేక్షణ అనేది మా పుస్తకాలలో ఒక అధ్యాయం. చాలా సంస్థలలో అది నెలకొకసారి లెక్కలు అడగడంతో సరిపోతున్నది.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు ఈ చదువు చదవాలా వద్దా అని నన్ను అడిగారు. ముఖ్యంగా సోదరీమణులు ఇంటిలో ఒప్పించలేక ఉత్తరాలు వ్రాశారు. నేను మీకు పూలబాట చూపలేను. జీతం తక్కువ, ఒప్పందం చిన్నది, గౌరవం మాటలలో ఎక్కువ, చేతలలో తక్కువ. అయినా ఈ పనికి రావలసిందని చెబుతున్నాను. వచ్చేటప్పుడు మాత్రం త్యాగం చేస్తున్నామనే గర్వంతో రావద్దు. ఆ గర్వమే మన నోరు మూయిస్తుంది. నియామక పత్రం వ్రాతపూర్వకంగా అడగండి. ప్రసూతి సెలవు, భవిష్యనిధి అడగండి. మీ పైన అనుభవజ్ఞులైన పర్యవేక్షకులు ఎవరని అడగండి. మీరు వెళ్లిపోతే మీ ఫైళ్లు ఎవరి చేతికి వెళతాయో చేరిన రోజుననే అడగండి. ఇవి స్వార్థపు కోరికలు కావు. మీకు నిలకడ ఉంటేనే మిమ్మల్ని నమ్మినవారికి నిలకడ.

2005లో ఏర్పడిన వృత్తి సోషల్ వర్కర్ల జాతీయ సంఘం వంటివి ఒక మండలి కొరకు, ఒక చట్టం కొరకు అడుగుతున్నాయి. ఆ కోరికలో మీ గొంతు కలపండి. అదే సమయంలో పట్టా లేకుండా ఊరికి మేలు చేస్తున్న అంగన్‌వాడీ టీచరు ముందు, మహిళా సంఘపు నాయకురాలి ముందు వినయంగా కూర్చోండి. ఏ ఇంటి తలుపు ఎప్పుడు తట్టాలో, ఏ గుమ్మం ముందు మాట్లాడకుండా వెనుదిరగాలో వారికి తెలుసు. ఆ విద్య నాకు ఏ విశ్వవిద్యాలయమూ నేర్పలేదు.

మా పెదనాన్నగారికి ఆనాడు నేను సరియైన జవాబు చెప్పలేకపోయాను. ఆయన ఇప్పుడు లేరు. ఉంటే ఇట్లా చెప్పి ఉండేదాన్ని: జీతం పుచ్చుకున్నవారిని "ఎందుకు రాలేదు?" అని నిలదీసే హక్కు పేదవారికి ఉంటుంది. సేవ చేసేవారిని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఆ హక్కు వారికి దక్కాలనే నేను జీతం పుచ్చుకుంటున్నాను, పెదనాన్నా.